షంషాదక్క, చెమట పట్టిన సబ్బులు

ముసురు విడవని పొద్దున మేడమీది గది తలుపు తీయగానే వేపనూనె, కొబ్బరినూనె కలిసిన ఘాటు ముక్కుకు తగిలింది. చెక్కబల్లల మీద ఆరబెట్టిన సబ్బులన్నిటికీ సన్నని నీటిబొట్లు పట్టి ఉన్నాయి. ఒకదాన్ని తాకితే వేలికి జిగటగా అంటుకుంది. కొత్తవాళ్లెవరైనా చూస్తే కంగారుపడతారు. నాకు మాత్రం షంషాదక్క నవ్వు గుర్తొచ్చింది.

నరసరావుపేటలో ఆవిడది మా పక్కిల్లు. భర్త మోటార్లకు వైండింగ్ చేసేవాడు. ఆయన పోయాక అక్క మిషన్ కుట్టి ఆడపిల్లలిద్దరికీ పెళ్లిళ్లు చేసింది. చూపు మసకబారి సూదిలో దారం ఎక్కించలేని స్థితి వచ్చాక, దిగులుపడుతూ కూర్చోకుండా విజయవాడ వెళ్లి సబ్బుల తయారీ నేర్చుకుని వచ్చింది. సరిగ్గా అప్పుడే నేను పాఠాలు చెప్పే ప్రైవేటు స్కూలు మూతపడింది. నేను గడప దాటడం మానేశాను. ఎవరు ఎదురైనా ‘ఇంకెక్కడా చూసుకోలేదా’ అని అడుగుతారని భయం. అడిగితే ఏం చెప్పాలో తెలియక మాటే తగ్గిపోయింది. ఒక సాయంత్రం అక్క పిట్టగోడ మీదుగా కేకేసింది.

“ఏమే విజయా, గోడల్ని చూసుకుంటా ఎన్నాళ్లు కూర్చుంటావు? ఇటొచ్చి ఈ నూనె తిప్పు. నా చెయ్యి లాగేస్తంది.”

నూనె తిప్పడానికి వెళ్లినదాన్ని ఆ పనిలోనే ఉండిపోయాను. కాస్టిక్ సోడా కలిపేటప్పుడు మాత్రం నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు. “దూరంగా నిలబడు. ఆ మొహానికి ఏమన్నా అయితే మీ అమ్మ నన్ను బతకనియ్యదు” అని కసిరేది. ఆవిడ కసురుకుంటే నాకు భయం వేసేది కాదు, ఆకలి వేసినట్టుండేది. ఎందుకంటే ఆ వెంటనే పళ్లెంలో ఏదో ఒకటి పెట్టి చేతికిచ్చేది.

ఆ వర్షాకాలంలోనే పెదకూరపాడు నుంచి ఒక రైతు కుటుంబం వాళ్లు వచ్చారు. కూతురి ఓణీల ఫంక్షన్‌కు వచ్చే ఆడవాళ్లందరికీ తలా ఒక సబ్బు ఇవ్వాలని వాళ్ల ముచ్చట. అంత పెద్ద పని మాకు అదే మొదలు. అచ్చుల్లో పోసి, కోసి, అక్క వాళ్ల మేడమీది గదిలో ఆరబెట్టాం. బాగా గాలి తగలాలని అక్క కిటికీలన్నీ బార్లా తెరిచింది. ముసురు పట్టింది. ఒక పొద్దున వెళ్లి చూస్తే సబ్బులన్నీ తడితడిగా మెరుస్తున్నాయి.

“ఏందే ఇది! మనకంటే ముందు వీటికే చెమటలు పట్టినయ్!” అని అక్క పకపకా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

గుడ్డతో తుడిచాం. మర్నాటికి మళ్లీ బొట్లు. కాస్త ఎండ పొడచూపితే డాబా మీద పెట్టాం. అంచులు మెత్తబడి వంగిపోయాయి. ఎలా ఉంటాయో చూద్దామని అక్క ముందే కాగితం చుట్టి ఉంచినవి కొన్ని ఉన్నాయి. విప్పితే కాగితం అంటుకుపోయింది, లోపల నారింజ రంగు మచ్చలు, మక్కిన నూనె వాసన. అప్పుడు మాత్రం అక్క నవ్వలేదు. తనకు నేర్పినావిడకు ఫోన్ చేసింది.

సబ్బులో ఉండే గ్లిజరిన్ గాలిలోని తేమను లాక్కుంటుందని, ముసురులో కిటికీలు తెరవడమే పొరపాటని ఆవిడ చెప్పింది. కిటికీలు మూసి, ఒకదానికొకటి తగలకుండా ఎడంగా పేర్చి, ఫ్యాన్ వేసి ఉంచమంది. బొట్లు పట్టినంత మాత్రాన సబ్బు చెడిపోదట. పూర్తిగా ఆరేదాకా చుట్టకూడదు, అంతే. కానీ ఫంక్షన్ అంతవరకు ఆగదు.

“పైపైన తుడిచి చుట్టేసి ఇచ్చెయ్యండి. అక్కడ విప్పి చూసేదెవరు?” అంది మా అమ్మ.

“ఇంటికి పోయాక విప్పుతారు గదొదినా. కంపు కొడితే మనల్ని ఎవరూ అనరు. ఆ పిల్ల ఫంక్షన్ పేరు చెప్పుకుని నవ్వుతారు” అంది అక్క.

అప్పటికప్పుడు నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. వాళ్ల వాకిట్లో నిలబడ్డాక నా మోచేయి పొడిచింది. “నువ్వే చెప్పు. అంతమంది పిల్లలకి పాఠం చెప్పినదానివి.”

జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ ఇల్లాలి మొహం ఎర్రబడింది. “ఫంక్షన్ ఎదురుగా పెట్టుకుని ఇప్పుడా చెప్పేది? ఏం మనుషులమ్మా మీరు!”

“మీరు తిట్టినా న్యాయమే తల్లీ. కిటికీలు తెరిచింది నేనే. ఇయాల చెప్తే ఇంకోటి కొనుక్కోటానికి మీకు టైముంటదని పరిగెత్తుకొచ్చినాం” అంది అక్క.

ఆవిడ విసురుగా లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి ఓణీ వేసుకోబోయే పిల్ల వచ్చి మాకు మంచినీళ్లిచ్చింది. ఆ పని చేజారింది. వాళ్లు సబ్బుల బదులు స్టీలు డబ్బాలు కొనుక్కున్నారని తర్వాత తెలిసింది.

తిరుగు బస్సులో నేను కళ్లు తుడుచుకుంటుంటే అక్క నా వైపు ఒరిగింది. “ఏడవబాక. ఆమె తిట్టింది, మనం విన్నాం, అయిపోయింది. చానా రోజులకి నీ గొంతు అంత గట్టిగా విన్నానే!” ఏడుస్తూనే నవ్వేశాను.

వానలు తగ్గాక సబ్బులు గట్టిపడ్డాయి. వంకరపోయిన అంచులు చెక్కేసి, వీధిలో పంచుదామంది అక్క. నేను ఎవరికైతే ఎదురుపడటానికి భయపడ్డానో, ఏరికోరి ఆ ఇళ్లకే నన్ను పంపింది. ఎవరూ ఉద్యోగం సంగతి అడగలేదు. నురగ బాగా వస్తుందా, పిల్లలకు వాడొచ్చా అని అడిగారు. ఇల్లు చేరేసరికి, మాట్లాడి మాట్లాడి నా గొంతు బొంగురుపోయింది.

నిరుడు చలికాలంలో అక్క గుండెపోటుతో పోయింది. ఆవిడ చెక్కబల్లలు తెచ్చి మా మేడమీద వేసింది ఆవిడ కూతుళ్లే. ఇప్పుడు నాతో ఇద్దరు ఆడవాళ్లు పనిచేస్తున్నారు. ఏదన్నా చెడిపోతే దాచిపెట్టరు, నేరుగా నా దగ్గరికే వస్తారు. వాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా నేను నోరు మెదపను. ఆ తర్వాత, ఎవరింటికి వెళ్లి చెప్పుకోవాలో ఆ ఇంటికి వాళ్ల పక్కన నేనూ నడుస్తాను. తలుపు తట్టేముందు ఇప్పటికీ నాకు భయమే. తట్టడం మాత్రం మానను.