వీపు చూపించే గులాబీ

పొద్దున పదీ పదికి పెద్దబాపు షట్టర్ ఎత్తారు. రోజూ ఎత్తే షట్టరే, రోజూ ఎత్తే వేళే. ఆ రోజుల్లో నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఎమ్మే చదివి, ఉద్యోగం దొరక్క పెద్దమ్మా పెద్దబాపుల దుకాణంలో కూర్చున్న మనిషికి అలాంటి నమ్మకాలకు తీరిక ఎక్కడిది? (ఇప్పుడు ఉందా అని మాత్రం అడగకండి.)

హుస్సేనీ ఆలంలో ఓ ఇరుకు గల్లీలో మాది బట్టపూల దుకాణం. గుడ్డ గులాబీలు, ప్లాస్టిక్ ఆకులు, వాటిని నిలబెట్టడానికి గుల్దాన్లు (పూలు పెట్టే గాజు కూజాలను మా గల్లీలో ఎవరూ ఇంకో పేరుతో పిలవరు). ఆ గాజూ కొత్తదే. నవాబుల కాలం నాటిదిలా కనబడాలని బుడగలూ వంకరలూ కావాలనే పెట్టి చేసేవారు. వాడిపోని పూలు, పుట్టుకతోనే ముసలిదైన గాజు. అలంకారమంటేనే గిట్టని నాకు ఆ దుకాణంలో నిజమైన వస్తువు దుమ్ము ఒక్కటే అనిపించేది.

పెద్దమ్మకు ఓ అలవాటు. తీగలు వంచి, ఆకులు విప్పి అంతా సర్దాక, అన్నిటికన్నా మంచి గులాబీని గిరాకీ వైపు కాక తన స్టూలు వైపు తిప్పి పెట్టేది. వీధిలోంచి చూస్తే దాని వీపు, పచ్చ కాగితం చుట్టిన తీగ మాత్రమే కనిపించేవి. "గిరాకీకి కనవడాలె గద పెద్దమ్మా" అంటే, "గిరాకీ ఒక్క నిమిషం చూస్తడు. దినమంత చూసేది నేను. నాకెవరు పెడ్తరే పువ్వు?" అనేది. ఆమె అటు తిరగ్గానే నేను గుల్దాన్‌ను వీధి వైపు తిప్పేదాన్ని. ఆమె మళ్ళీ లోపలికి తిప్పేది. మా వ్యాపారంలో సగం ఆ యుద్ధమే.

పెద్దమ్మ పోయింది. పెద్దబాపు మాట్లాడటం మానేశారు, తినడమూ దాదాపు మానేశారు. అఫ్జల్‌గంజ్ వ్యాపారి ఒకాయనను పిలిచి, "గుల్దాన్లన్ని తీస్కపో భాయ్, దుకాణం బంద్ చేస్త" అన్నారు. ఆయన వాటిని తీసుకెళ్ళడానికి వచ్చేలోపు సామాను సర్దుదామని దుకాణం తెరిచాం. సాయంత్రం మూసే ముందు, ఆమె చివరిసారి సర్దిన పచ్చ గుల్దాన్‌ను ఎప్పటిలా వీధి వైపు తిప్పాను. ఇక అడ్డు చెప్పేవాళ్ళు లేరు. (గెలిచినట్టు మాత్రం అనిపించలేదు.)

మొదట చెప్పిన పదీ పది ఆ మరునాటిది. షట్టర్ లేచింది. గులాబీ ఖాళీ స్టూలును చూస్తోంది.

పెద్దబాపు వెళ్ళి ఆ గులాబీ ముందు నిలబడ్డారు. చాలా రోజుల తర్వాత చాయ్ తెప్పించుకుని తాగారు. వ్యాపారి వస్తే, "ఇయ్యాల వద్దు" అని పంపేశారు.

మర్నాడూ అంతే, ఆపైనా అంతే. సాయంత్రం నేను తిప్పడం, పొద్దునకు అది తిరిగి ఉండటం. తాళంచెవి నా దగ్గరే ఉండేది. చదివిన పుస్తకాలన్నీ గుర్తుచేసుకున్నాను, ఒక్కటీ సాయపడలేదు. చివరికి ఓ సాయంత్రం పెద్దబాపును ఇంటికి పంపి, షట్టర్ లోపలి నుంచి దించుకుని స్టూలు పక్కన కూర్చున్నాను. మసక వెలుగులో బట్టపూలు మనుషుల తలల్లా ఉంటాయని అప్పుడే తెలిసింది. కాసేపటికి గోడ మూలిగింది. అరలు వణికాయి. ఆ గులాబీ, పిలిస్తే మెడ తిప్పే ముసలావిడలా, మెల్లగా నా వైపు తిరగసాగింది. పెద్దమ్మా అని అరవబోయి నోరు తెరిచాను. తుమ్ము వచ్చింది. ఒకటి కాదు, ఆగకుండా.

బయట ఎవరో షట్టర్ బాదారు. "అరే, అందర్ కౌన్ హై? దొంగనా?" పక్క దుకాణంలో మరపట్టి పిండీ కారమూ ఆడించే గిర్నీ భాయ్ గొంతు.

"నేనే భాయ్!"

"తౌబా తౌబా! నువ్వా బేటీ? మీరు షట్టర్ దించినంకనే కదా నేను మిర్చి పట్టేది! గిరాకీ తుమ్ముతున్నరని మీ పెద్దమ్మ ఎంత లొల్లి చేసింది! ఆమెకు మాటిచ్చిన. ఆమె పోయిందని తప్పుతనా?"

అదీ సంగతి. కారం గిర్నీ గోడను అదరగొడితే, అడుగు వంకరైన గుల్దాన్ కొంచెం కొంచెంగా తిరిగి, అర వాలు దొరికిన చోట ఆగుతోంది. పెద్దమ్మ గెలిచిన యుద్ధాల్లో సగం గిర్నీ గెలిచిపెట్టినవన్నమాట.

పెద్దబాపుకు చెప్పలేదు. చెబితే వ్యాపారి వచ్చేస్తాడు. గిర్నీ నడవని సాయంత్రాల్లో నేనే గులాబీని స్టూలు వైపు పెట్టి వచ్చేదాన్ని.

గిర్నీ భాయ్ చుట్టాల పెళ్ళికి బీదర్ వెళ్ళిన రోజున ఆ మాటే మరిచాను. అలవాటుగా వీధి వైపు తిప్పిన గుల్దాన్‌ను అలాగే వదిలి తాళం వేశాను. ఇంటికి వచ్చాకే గుర్తొచ్చింది, రాత్రంతా నిద్ర లేదు. పొద్దున షట్టర్ లేచింది. గులాబీ స్టూలు వైపే ఉంది.

నా మొహం చూసి పెద్దబాపు నవ్వారు. "ఇన్నేండ్ల సంది ఆ గోడ పక్కన కూసున్న, గిర్నీ ముచ్చట నాకెర్క లేదా బిడ్డా? గిర్నీ తిప్పితేంది, పువ్వు ఆమె పెట్టిందే గద. బంద్ ఉన్ననాడు నువ్వు తిప్పుతున్నవని గూడ ఎర్కనే."

"నిన్న నేను తిప్పలే పెద్దబాపూ. మర్చిపోయిన."

ఆయన నవ్వు ఆగింది. ఇద్దరం గులాబీని చూశాం, తర్వాత ఒకరినొకరం చూసుకున్నాం.

"నువ్వు వచ్చినవా?" అన్నాను.

"చాబి నీ తాన్నే ఉండె గద" అన్నారు.



దుకాణం ఇంకా నడుస్తోంది. వ్యాపారి అడగడం మానేశాడు. ఎలుకల మీద, ఆటోల అదురు మీద నాకు మంచి వాదనలే ఉన్నాయి. చీకట్లో దయ్యాన్ని పట్టుకోబోయి తుమ్ముతూ కూర్చున్న ఆ చదువుకున్న పిల్లను తలుచుకుంటే నవ్వూ వస్తుంది. పచ్చ గుల్దాన్ అదే అర మీద ఉంది. దాన్ని ఇప్పుడు మేము వీధి వైపు తిప్పం.