మా కొట్లాటల కారు

ఆ ఎర్ర లైటు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. కారు డిక్కీలో పాటల కోసం బిగించిన ఆంప్లిఫైయర్ మీద కందిగింజంత ఉంటుంది. అంతా బాగుంటే పచ్చగా వెలగాలి. ఆ ఏడాది దసరా వెళ్లిన వారానికి ఎర్రగా వెలిగి కూర్చుంది. పాట లేదు, మాట లేదు.

పాట పోతే పోయింది. నా ఏడుపంతా మాట గురించే. మా ఆయన బొగ్గు గనిలో డ్రిల్లింగ్ మిషన్ పట్టీ పట్టీ చెవులు పోగొట్టుకున్నాడు. ఇప్పుడు పైన స్టోర్‌లో డ్యూటీ. చెవి మిషన్ ఉంది, బీరువాలో. పెట్టుకుంటే తలలో పిండి గిర్నీ తిరిగినట్టుంటుందట. ఇంట్లో ఆయనకు వినబడాలంటే గొంతు చించుకోవాలి. కొత్తగూడెం క్వార్టర్స్‌లో నేను అరిస్తే లైనంతా వింటుంది. కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పినా, మొగుడూ పెళ్లాం తన్నుకుంటున్నారని పక్కింటామె గుమ్మంలోకి వచ్చేస్తుంది.

అందుకే ఆయనే ఒక ఉపాయం చేశాడు. భజనల్లో వాడే మైకు తెచ్చి, మధ్యలో చిన్న డబ్బా ఒకటి పెట్టి, కారు ఆంప్లిఫైయర్‌కు కలిపాడు. సాయంత్రం నేనే కారు నడుపుకుంటూ ములకలపల్లి రోడ్డెక్కి, అడవి మొదలయ్యే చోట పక్కకు ఆపేదాన్ని. అద్దాలు ఎక్కించి మైకు అందుకునేదాన్ని. నా మాట ఆయన వైపు డోరులోని స్పీకర్‌లోంచి వచ్చేది. మైకు కాస్త అటు తిప్పితే కీచుమని కూత పెట్టేది. అయినా కిరాణా సామాను నుంచి ఆడబిడ్డల అలకల దాకా మా పంచాయితీలన్నీ ఆ కారులోనే తేలేవి. నేను ఒకటంటే ఆయన రెండనేవాడు. హాయిగా కొట్లాడుకునేవాళ్లం.

ఆంప్లిఫైయర్ ఆగిపోయాక ఆయనకు ఒక్కటే మాట మిగిలింది. "అవ్." అన్నం తిన్నావా అంటే అవ్. ఏం కూర చేయాలి అంటే అవ్. వినబడలేదని చెప్పుకోవడానికి నామోషీ. నవ్వి తలూపేస్తే సరిపోతుంది కదా! ఒకరోజు కడుపు మండి, పొయ్యి దగ్గర నిలబడి అనేశాను.

"నేను మా అమ్మగారింటికి పోత. మళ్ల రాను. పొమ్మంటవా?"

"అవ్," అన్నాడు నవ్వుతూ.

వినబడకే అన్నాడని తెలుసు. తెలిసినా తట్టుకోలేకపోయాను. చేతిలో పళ్లెం సింకులోకి విసిరికొట్టాను. ఆ చప్పుడుకు పక్కింటామె వచ్చింది గానీ ఆయన తలెత్తలేదు.

మర్నాడే కారును డెకరేషన్ షాపుకు తీసుకెళ్లాను. షాపాయన డిక్కీ తెరిచాడు, ఎర్ర లైటు చూశాడు, మూసేశాడు.

"బోర్డు పోయింది అక్కా. కొత్తది ఏసుకోవాలె."

"మీటర్ పెట్టి చూడవా ఏంది?"

"గవన్నీ నీకెందుకక్కా. సార్‌ను పంపు, సార్‌తోని మాట్లాడ్త."

సార్‌తో మాట్లాడతాడట! ఆ సార్‌కు వినబడితే ఈ తిప్పలన్నీ నాకెందుకు? ఇల్లందులో ఇంకో షాపుకు పోతే అక్కడా అదే పాట. బోర్డు పోయింది, సార్‌ను పంపు. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా ఇద్దరినీ కలిపి తిట్టాను. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివినదాన్ని. పెళ్లయ్యాక ఆ చదువుతో మిక్సీ వైరు అతికించడం తప్ప చేసిందేమీ లేదు. అది తలుచుకుంటే కోపం ఇంకా పెరిగింది.

ఆదివారం పొద్దున్నే క్వార్టర్ ముందు డిక్కీ తెరిచి, కొంగు బిగించి కూర్చున్నాను. ముందు స్పీకర్ల వైర్లు పీకాను. లైటు ఎరుపే. పాట వచ్చే వైర్లూ మైకు వైర్లూ పీకాను. ఎరుపే. మీటర్ పట్టి చూస్తే బ్యాటరీ దగ్గర వోల్టేజీ నిండుగా ఉంది, ఆంప్లిఫైయర్ దగ్గర మాత్రం నీరసంగా ఉంది. ఫ్యూజు బాగుంది, బ్యాటరీ నుంచి వచ్చే ఎర్ర వైరు బాగుంది. ఇక మిగిలింది నల్లది, ఎర్త్ వైరు. దాన్ని వదిలేసి, పొడుగాటి వైరు ఒకటి బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఆంప్లిఫైయర్‌కు తగిలించాను.

పచ్చ లైటు వెలిగింది. బోర్డు పోయిందన్నారు, మహానుభావులు!

ఎర్త్ వైరు కారు బాడీకి బిగించిన చోట కార్పెట్ లేపి చూశాను. బోల్టు చుట్టూ పసుపూ కుంకుమా గడ్డకట్టి ఉన్నాయి, వాటి కింద కరెంటును అడ్డుకునే తుప్పు. అప్పుడు అర్థమైంది. గనిలో పనిచేసిన మనిషికి మిషన్‌కు బొట్టు పెట్టకుండా దసరా వెళ్లదు. ఈయన స్టీరింగ్‌కు పెట్టాడు, బ్యాటరీకి పెట్టాడు, ఆంప్లిఫైయర్‌కు పెట్టాడు. అంతటితో ఆగితే ఆయన ఎందుకవుతాడు! కార్పెట్ లేపి మరీ ఎర్త్ బోల్టుకు తడి పసుపు పూసి, కొబ్బరినీళ్లు చల్లి, ఆ తడి మీదే కప్పేశాడు.

చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను. "గిది నీ పనేనా?"

"అవ్," అన్నాడు. ఇన్నాళ్లలో సరిగ్గా చెప్పిన అవ్ అదొక్కటే.

ఉప్పు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్దాను. ఎర్త్ వైరు మళ్లీ బిగించి, పీకినవన్నీ కలిపాను. సాయంత్రం అడవి దగ్గర కారు ఆపి మైకు తీసుకున్నాను. పసుపు గురించి తిట్టాల్సిన తిట్లన్నీ దారిలో వరసగా పెట్టుకున్నాను. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"నేను మా అమ్మగారింటికి పోత. మళ్ల రాను. పొమ్మంటవా?"

ఆయన మొహంలో నవ్వు పోయింది. "ఏందే గట్ల అంటవ్? ఏమైంది?"

"ఇదివరకే అన్న. పొయ్యికాడ."

"నేనేమన్న?"

"అవ్ అన్నవ్."

ఆయన సీట్లోనే పూర్తిగా నా వైపు తిరిగాడు. నా చేతిలోంచి మైకు లాక్కున్నాడు. నా చెవులకేం రోగం, మామూలుగా చెబితే వినబడదా? మైకు నోటికి ఆనించుకుని, కారంతా అదిరేలా చెప్పాడు.

"కాదు."

మైకు కీచుమంది. నాకు ఏడుపొచ్చింది, ఏడుపొచ్చినందుకు ఇంకా ఒళ్లు మండింది. మైకు గుంజుకున్నాను.

"మళ్ల దసరాకు డిక్కీలకు పసుపు గిన్నె తెచ్చినవనుకో, నీ చెయ్యి ఇరగ్గొడ్త. ఇనబడ్డదా?"

"ఇనబడ్డది," అన్నాడు. "జర సౌండ్ తగ్గియ్యే."