విశేషం

మా వైపు పెళ్లయిన ఆడదాన్ని ఎవరూ "కడుపుతో ఉన్నావా" అని నేరుగా అడగరు. "ఏమైనా విశేషమా?" అంటారు. అడిగి ఊరుకోరు, కళ్లతో పొట్ట దాకా ఒకసారి వెళ్లొస్తారు. ఆ మాటకి భయపడినట్టు నేను నా జన్మలో దేనికీ భయపడలేదు.

నిశ్చితార్థమయ్యాక కూడా పెళ్లికి ఏళ్లు పట్టిన జంట మాది. ముందు నిలదొక్కుకుందాం అని ఆయన, సరే అని నేను. మేం నిలదొక్కుకునేలోగా రాజమండ్రిలో అద్దెలు ఆకాశాన్నంటాయి. చివరికి రెండు గదుల పోర్షన్‌లో కాపురం పెట్టి, సొంత ఇల్లు వచ్చాకే పిల్లలు అని ఇద్దరం గట్టిగా అనుకున్నాం. కోరుకొండ రోడ్డులో కడుతున్న అపార్ట్‌మెంట్‌లో ఒక ఫ్లాట్ చూశాం. నా గాజులు అమ్మి అడ్వాన్స్ కట్టాం. ఆయన కడియంలో ఒక మొక్కల నర్సరీలో అకౌంట్స్ చూస్తారు, నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. ఇద్దరి జీతాలూ కలిపితేనే లోన్ అన్నారు బ్యాంకు వాళ్లు. "నీ జీతం లేకపోతే మనకి ఆ ఫ్లాట్‌లో బాత్రూమ్ కూడా రాదు" అని నవ్వేవారు మా ఆయన.

సరిగ్గా అప్పుడే నెల తప్పింది.

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. మంచం అంచున కూర్చుని, "ఒకసారి డాక్టరు గారిని అడుగుదామా?" అన్నారు. ఏమని అడగాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అర్థమైంది.

"లోన్ రానివ్వండి, అప్పుడు చూద్దాం" అన్నాను.

"రాకపోతే?"

అంటే నా బిడ్డ బతుకు లోన్ మీద, లోన్ నా ఉద్యోగం మీద, ఉద్యోగం నేను నోరు మూసుకోవడం మీద ఆధారపడ్డాయి. మా స్కూల్లో కాన్పుకి సెలవంటూ ఏమీ లేదు. అంతకుముందు ఏడాది సైన్స్ టీచరుకి పొట్ట కనపడగానే "రెస్ట్ తీసుకోమ్మా" అన్నారు ప్రిన్సిపాల్ మేడమ్. పాపం ఆవిడ ఇప్పటికీ రెస్టే తీసుకుంటోంది.

ఇంక చూడాలి నా అవస్థ. స్టాఫ్ రూమ్‌లో ఎవరో ఎండురొయ్యల కూర డబ్బా మూత తీస్తే, ఫోన్ వచ్చినట్టు నటిస్తూ బయటికి పరుగు. చుడీదార్లు మానేసి చీరలు, ఆ చీరలకి రెండు చుట్ల కొంగు. ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దావిడలు గుమ్మం దగ్గరే పట్టుకునేవారు. "ఏమైనా విశేషమా అమ్మా?" "ఏం లేదండి." చర్చి మెట్ల మీద నిలబడి అబద్ధం! దేవుడా, ఈ ఒక్కటీ లెక్కలో వెయ్యకు తండ్రీ అనుకుంటూ చెప్పులు వేసుకునేదాన్ని.

ఒక రోజు ప్రేయర్ అవగానే మేడమ్ రమ్మన్నారని కబురొచ్చింది. వెళ్లేసరికి ఆవిడ నవ్వుతూ కూర్చుని ఉన్నారు.

"ఏంటమ్మా, ఏదో విశేషం ఉందంటగా? మాతో ఒక్క మాటైనా చెప్పలేదే!"

అయిపోయింది. ఎవరు చెప్పారు? మెడికల్ షాపాయనా? చర్చిలో ఎవరైనా కనిపెట్టారా? నా ప్రమేయం లేకుండానే నా నోరు "మూడో నెలండి" అనేసింది.

మేడమ్ ముఖంలో నవ్వు ఆగిపోయింది.

"నేను ఫ్లాట్ సంగతి అడిగానమ్మా" అన్నారు మెల్లగా. "బ్యాంకు వాళ్లు ఫోన్ చేశారు, నువ్వు ఇక్కడ పని చేస్తున్నావో లేదో కనుక్కుందామని. పనిలో ఉన్నాను, కాసేపాగి చెయ్యమన్నాను."

ఛీ, నా నోరు పడిపోను! ఇన్ని వారాలు దాచినదాన్ని అడక్కుండానే చేతిలో పెట్టేశాను. "మేడమ్..." అంటుండగానే టేబుల్ మీద ఫోన్ మోగింది. ఆవిడ ఫోన్ వైపు చూశారు, నా వైపు చూశారు, ఎత్తారు.

"ఆఁ, చెప్పండి. అవునండి, మా దగ్గరే. మ్యాథ్స్ చెప్తారు. పర్మినెంటేనండి. మంచిదండి."

పెట్టేశారు. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడవకు. నేనేం అబద్ధం చెప్పలేదు. పరీక్షలయ్యేదాకా నువ్వు పర్మినెంటే" అన్నారు. "జూన్‌కి మాత్రం వేరే ఆవిణ్ణి చూసుకుంటాం. నా మీద కోపం పెట్టుకోకు, నా పైనా మేనేజ్‌మెంట్ ఉందిగా. నీళ్లు తాగి క్లాసుకి వెళ్లు. మెట్లు మెల్లిగా దిగు."

సాయంత్రం మా ఆయన బండేసుకుని స్కూలు గేటు దగ్గరికి వచ్చేశారు. "లోన్ ఓకే అంట! మీ మేడమ్ బాగా చెప్పారంట!" ఆ రోజు ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా బండి స్లో చేశారు. ముందెప్పుడూ అలా చేసిన మనిషి కాదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, వెనక్కి తిరక్కుండానే అన్నారు.

"ఇంక డాక్టరు గారిని ఏమీ అడగొద్దులే. ఇద్దరి జీతాలూ ఉన్నాయిగా. ఎలాగోలా పెంచుకుందాం."

జూన్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన చొక్కా గట్టిగా పట్టుకుని "అలాగేనండి" అన్నాను.

ఆ తర్వాత నెలల్లో ఆయన ఎంత సంతోషపడితే నాకు అంత దడ. ఉయ్యాలకి హాల్లో కొక్కెం పెట్టమని బిల్డరుకి చెప్పొచ్చారు. ఆయన ఫోన్ మోగితే చాలు, స్కూలు నుంచేనేమో అని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేదాన్ని. మేడమ్ ఎదురైతే ఆయన్ని పక్క సందులోకి తిప్పేసేదాన్ని. ఇప్పుడు చెప్తే ఆయన మళ్లీ డాక్టరు గారి మాట ఎత్తుతారేమో. ఎత్తరేమో. ఆ "ఏమో" మీద నా బిడ్డని పెట్టలేకపోయాను.

వేసవి సెలవులిచ్చాక ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇద్దరం చెమటలు కక్కుతూ కూర్చున్నాం. ఆయన చెయ్యి తీసుకుని నా పొట్ట మీద పెట్టుకున్నాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత బిడ్డ కదిలింది.

"అమ్మో!" అన్నారు ఆయన.

ఆ చెయ్యి అక్కణ్ణుంచి తియ్యకముందే జూన్ సంగతి చెప్పేశాను.