వాగు మీద మోటార్ల వంతు

ఆ ఏడు రెండో పంటకి కాలువ నీళ్ళు ముందే కట్టేశారు. మా క్యాంపు, అంటే వలస వచ్చిన మా పెద్దలు కట్టుకున్న ఊరు, కాలువ చివర ఉంటుంది కాబట్టి, కట్టేశారన్న వార్త కంటే ముందే మాకు నీళ్ళు ఆగిపోయాయి. నాన్న వరిచేను అప్పుడే పాలు పోసుకుంటోంది. ఇంకొక్క తడి అందితే గింజ గట్టిపడుతుంది, అందకపోతే తాలు. ఆ తడి వాగులో మిగిలిన మడుగు నుంచి మోటారుతో తోడుకోవాలి. మోటారుకి కరెంటు కావాలి. మాట కరెంటు దాకా వస్తే నా దాకా వచ్చినట్టే, ఎందుకంటే కరెంటే నా ఉద్యోగం.

రాయచూరులో ఒక ఆఫీసులో కూర్చుని, పల్లెల్లో రేపు ఎంత కరెంటు ఖర్చవుతుందో ఇవాళే చెప్పడం నా పని. జోస్యం లాంటిదే, కాకపోతే జ్యోతిష్కుడిని ఎవరూ మర్నాడే నిలదీయరు. ఈ లెక్కంతా ఒక నమ్మకం మీద నిలబడి ఉంటుంది: అందరూ ఒకేసారి మోటారు వేయరు. ఒకరు భోజనం చేస్తుంటారు, ఒకరు సంతకి వెళ్ళుంటారు, ఒకరి మడి అప్పటికే నిండి ఉంటుంది. ఎవరి తీరు వారిది కాబట్టి మొత్తం మీద సర్దుకుంటుంది. అందుకే ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ అన్ని మోటార్లనూ మోయగలుగుతుంది.

కాలువ కట్టేశాక అందరి చేలకీ ఒకే రోజు దాహం వేసింది. పైగా మావాళ్ళందరూ మోటార్లకి ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. కరెంటు పోయి వస్తే, మనిషి లేకపోయినా మోటారు దానంతటదే లేస్తుంది. సుఖమే గానీ, వాగు మీద మోటార్లన్నీ ఒక్క క్షణంలో లేస్తాయి. లేచేటప్పుడు ప్రతి మోటారూ మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఎవరి తీరు వారిదన్న నా నమ్మకం అక్కడితో సరి. సోలార్ పుణ్యమా అని ఇప్పుడు పొలాలకి పగలే కరెంటు ఇస్తున్నారు. మబ్బు పడితే సోలార్ తగ్గుతుంది, తగ్గితే మా లైను తీసేస్తారు, తేలిపోయాక మళ్ళీ ఇస్తారు. మబ్బు మబ్బుకీ ఒక గండం. ఆ ట్రాన్స్‌ఫార్మర్ చూస్తే పాతది. అది కాలితే కొత్తది వచ్చేలోపల అందరి వరీ తాలైపోతుంది. రైతు కూతురినై ఉండి నేను మబ్బుని చూసి వణికేదాన్ని.

ఆదివారం క్యాంపుకి వెళ్ళి అందరినీ మా వాకిట్లో కూర్చోబెట్టాను. ఆటోలు తీసేయండి, ఒకేసారి రెండు మూడు మోటార్లకి మించి వేయకండి, ఒకరి చేను తడిశాకే ఇంకొకరు వేసుకోండి అన్నాను.

“నీళ్ళకి వంతు విన్నాం గానీ, కరెంటుకి వంతేంటే అమ్మాయ్?” అన్నాడు బాబాయ్.

“ట్రాన్స్‌ఫార్మర్ కాలితే వంతూ ఉండదు, వరీ ఉండదు బాబాయ్.”

అందరూ తలలూపారు. ఆ ఊపుడు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం. తను ఆటో తీసేస్తే పక్కవాడు తీయడని ప్రతివాడి భయం. ఆ భయం తప్పని నేను ఏ లెక్కతోనూ చూపించలేను. మడుగులో నీళ్ళు కొద్ది, ముందు తోడుకున్నవాడి చేను ముందు బతుకుతుంది.

చివరికి మా పక్క చేను ఆయన మనసులో మాట బయటపెట్టాడు. “మీ నాన్నగారి మోటారు ముందేసి మమ్మల్ని ఎనక్కి నెడితే మాత్రం మేం ఒప్పుకోమమ్మా.”

“మాది ఆఖర్నే పెట్టమ్మా,” అన్నాడు నాన్న, నా వైపు చూడకుండా. “కాలవ మీద ఆఖరోళ్ళమే కదా, మనకేం కొత్త?”

అందరూ నవ్వారు. వద్దు నాన్నా అనబోయాను. ఆ మాట అంటే వంతు మొత్తం అక్కడే కూలిపోయేది. వంతుల కాగితంలో నాన్న పేరు ఆఖర్న రాశాను.

వంతు మొదలైన రోజు సెలవు పెట్టి వాగు గట్టున నిలబడ్డాను. మధ్యాహ్నం దాకా బాగానే సాగింది. తర్వాత లింగసుగూరు వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. చినుకు రాల్చే మొహం కాదు దానిది. నడుస్తున్న మోటార్లు ఆగిపోయాయి. సబ్‌స్టేషన్ ఆపరేటరుకి ఫోన్ చేశాను.

“పైనుంచి తియ్యుమన్నరు మేడం. మబ్బొస్తే గిట్లనే అయితది.”

“మళ్ళీ ఎప్పుడిస్తారు?”

“నాకేం ఎరుక? మబ్బునే అడగాలె.”

చాలాసేపటికి ఆయనే చేశాడు. “ఇస్తున్న మేడం, జర జూసుకోండ్రి.”

గాల్లో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అన్నట్టు ట్రాన్స్‌ఫార్మర్ వంక చూస్తూ ఉండిపోయాను. ఎవరో ఒకరు ఆటో తీయకుండా ఉంచేసే ఉంటారు, ఒకరు ఉంచేస్తే పదిమందీ ఉంచేసే ఉంటారు అనుకున్నాను. కరెంటు వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ సన్నగా మూలిగింది. ఒక్క మోటారూ దానంతటదే లేవలేదు. కాసేపటికి బాబాయ్ మోటారు లేచింది, అది కుదుటపడ్డాక ఇంకొకటి. ఒక్కరూ మోసం చేయలేదు. నాకు ఏడుపొచ్చింది, అందరి ముందూ ఏడ్చేశాను. నా అంచనా తప్పినందుకు అంత సంతోషం మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

నాన్న వంతు మర్నాటికి వచ్చింది. ఆకాశం శుభ్రంగా ఉంది, కరెంటు నిండుగా ఉంది. బాబాయే వచ్చి స్టార్టర్ నొక్కాడు. మోటారు కాసేపు నీళ్ళు పోసింది, తర్వాత బురద కక్కింది, తర్వాత ఉత్త గాలి లాగింది. మడుగు అడుగంటింది.

“ఆపెయ్, మోటారు కాలిపోద్ది,” అన్నాడు నాన్న. బాబాయ్ తలెత్తలేదు. దారిలో నాన్నే నన్ను ఓదార్చాడు. “ట్రాన్స్‌ఫార్మర్ నిలబడింది కదమ్మా. నీ లెక్క తప్పలేదు.” నాకు ఆ మాట వినడం కంటే తిట్టించుకోవడమే నయమనిపించింది. కోతల్లో మా చేలో సగానికి పైగా తాలే వచ్చింది.

ఆ తర్వాత ఆఫీసులో వచ్చే ఏటి అంచనాలకి కూర్చున్నాం. మా పై అధికారి ఆ ట్రాన్స్‌ఫార్మర్ గ్రాఫు తెర మీద వేసి మెచ్చుకున్నాడు. ఆఖరి రోజు గీత నేలకి ఆనుకుని ఉంది. “చూశారా, అప్పటికి అందరి అవసరమూ తీరిపోయింది,” అన్నాడు. మా మీటర్లకి వాడిన కరెంటే తెలుస్తుంది. వాడుకోలేకపోయిన మనిషి అవసరం లేని మనిషిగానే లెక్కలోకి వస్తాడు. వచ్చే ఏడు ఆ వాగుకి ఎంత కరెంటు కావాలో ఆ గీతను బట్టే లెక్క కట్టాలి. కట్టాల్సింది నేనే.