మద్రాసు ధర అని నేనాడిన అబద్ధం

మొన్న సెల్‌ఫోన్‌లో, పాత నాణేలు కొంటాం, ధర మీరే చెప్పండి అంటూ ఒక ప్రకటన కనబడితే, చెరిపేయబోయిన వేలు అలాగే ఆగిపోయి, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మా నల్లపాడు ఇంట్లో నాన్నగారు పక్షవాతంతో మంచాన పడిన వేసవి గుర్తుకొచ్చింది.

పొగాకు కంపెనీలో ఆకు గ్రేడు చేసి రిటైరైన ఆయనకు ఉన్న ఒకే ఒక్క సరదా, దొరల కాలపు వెండి రూపాయలను, ముద్రించిన ఏడాదికొకటి చొప్పున, అట్టపెట్టెలో తానే గుండ్రంగా కోసిన గుంటల్లో అమర్చుకోవడం. అందులో ఒక గుంట మాత్రం ఖాళీ. అన్నిటికన్నా అరుదైన ఆ రూపాయిని నా పదో తరగతి పరీక్ష ఫీజు కోసం అమ్మేశారని అమ్మ చెప్పిందే గాని, ఆయన ఏనాడూ ఆ మాట ఎత్తలేదు.

మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పటి నెట్ సెంటర్లలో ఒక్క ఉత్తరం తెరుచుకునేలోపు చొక్కా తడిసిపోయేది. గుంటూరులో అలాంటి ఒక ఇరుకు గదిలోనే, నాణేలు అమ్మే ఒకాయన వెబ్‌సైటులో ఆ ఖాళీ గుంటలో ఉండాల్సిన ఏడాది రూపాయి నా కంటబడింది. ధర, లెక్కల మాస్టారుగా నాకొచ్చే నెల జీతం కన్నా ఎక్కువ. నేను సగానికి అడిగాను. ఆయన ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసి కొద్దిగా తగ్గించారు. అక్కడితో ఊరుకోక, మద్రాసులో ఇంకొకరు ఇంకా చవకగా ఇస్తామంటున్నారని రాసేశాను.

జవాబు రాలేదు. ఇంకోసారి పక్షవాతం వస్తే కష్టమని డాక్టరు చెప్పిన వారమది. రోజూ బడి వదలగానే బస్సెక్కి, మిర్చియార్డు ఘాటుకు దగ్గుకుంటూ వెళ్లి చూసేవాణ్ణి. తొమ్మిదో రోజున వచ్చింది: అయితే మద్రాసులోనే కొనుక్కోండి, అని. నాన్నగారి పరిస్థితి, ఖాళీ గుంట సంగతి, ఉన్నదంతా, నా అబద్ధంతో సహా, రాసి, పక్కింటి పిన్నిగారి ఫోన్ నంబరిచ్చాను.

మర్నాడే పిన్నిగారు కేకేశారు. అవతల తెలుగు గొంతు!

“మాది మార్కాపురమండి. ఆ రూపాయి మద్రాసులో ఎవరి దగ్గరా లేదని నాకు తెలుసండి. ఉన్నమాట చెప్పి అడిగుంటే అప్పుడే తగ్గించేవాణ్ణి.”

“ఇప్పుడెంతకిస్తారండీ?” అన్నాను సిగ్గుపడుతూనే.

“మొదట చెప్పిందేనండి. రేపు పాసింజరుకి నేనే తెస్తా. పోస్టులో వేసి కూర్చునే టైమా ఇది?”

మర్నాడు చెప్పినట్టే వచ్చారు; నాకన్నా పెద్దాయన. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, జేబురుమాలు విప్పి, రూపాయిని నాన్నగారి బాగున్న చేతిలో తానే పెట్టారు. నాన్నగారు బొటనవేలితో చాలాసేపు తడిమి, ముద్దముద్దగా అడిగారు.

“ఏరా, ఎంత పోశావు దీనికి?”

అసలు ధర చెబితే ఆ గుండె ఏమవుతుందోనని సగమే చెప్పాను. స్టూలు మీదున్న ఆయన నా ముఖంలోకి చూశారు.

“అవునండి, గట్టిగా బేరమాడాడండి మీవాడు. నేనే ఓడిపోయా,” అన్నారాయన.

“బేరం... నేనే నేర్పా,” అన్నారు నాన్నగారు, సగం ముఖంతోనే నవ్వి.

గుమ్మం బయట మొత్తం ధర చేతిలో పెడితే, ఆయన తీసుకుని స్టేషనుకు నడిచారు. నాన్నగారు తొలకరి చినుకులు చూసి పోయారు.

ఇప్పుడు బేరమంతా వేలితో నొక్కేదే. మనం ఒక అంకె వేస్తాం, అటునుంచి ఇంకో అంకె వస్తుంది, కుదిరితే సరుకు గుమ్మంలోకి వస్తుంది. సుఖంగానే ఉంది, కాదనను. కానీ ఆ అంకె వెనక ఉన్న మనిషి ఏ ఊరివాడో, నన్ను పట్టుకుని కడిగేసి, మర్నాడు నా పరువు కాపాడటానికి రైలెక్కి వచ్చే రకమో కాదో తెలుసుకునే దారే లేకుండా పోయింది.