పగహారం

సిస్టర్ పోయారని మంగళవారం పొద్దున, నేను బడికి బయలుదేరుతుంటే ఫోన్ వచ్చింది. కాన్వెంట్‌లో వంట చేసే అక్క చేసింది. "సిస్టరమ్మ లేదు బిడ్డా. పొద్దుగాల పూజకు లేవలే. పోయి చూస్తే గట్లనే పండుకోనున్నది" అని, ఇంక మాట రాక ఏడ్చింది. నేను ఏడవలేదు. ఏడుపు తర్వాత, బస్సులో వచ్చింది. ఫోన్ పెట్టేయగానే నా మనసులో మెదిలిన మొదటి మాట మాత్రం వేరు. ఇక నా ఒట్టు తీరిపోయింది, అనుకున్నాను.

రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ సిస్టర్ గురించి రాస్తూ ఆ మాట దాచిపెడితే ఆవిడే ఒప్పుకోరు. పైకి చెప్పలేని కోపం ఆవిడకు నచ్చేది కాదు.

ఆ ఒట్టు మా లెక్కల సారు గురించి. చిన్నప్పుడు నన్ను క్లాసులో నవ్వులపాలు చేసిన మనిషి. ఏదో ఒకరోజు సారు ముందు నిలబడి, అతని నోట రాని మాట అనిపించి, చుట్టూ జనం నవ్వుతుంటే కళ్ళారా చూడాలని నా పదకొండో ఏట నిర్ణయించుకున్నాను. సిస్టర్ బతికున్నంతకాలం ఆ పని చేయనని ఆవిడకు ఒట్టేశాను. ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. ఈ సారుకు బహువచనం ఇవ్వడం నా వల్ల కాదు. 'సారు అన్నారు' అనాలని సిస్టర్ ఎన్నోసార్లు సరిదిద్దారు. నేను 'అన్నాడు' అనే రాస్తాను.

ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, మిరప చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంది మా బడి. సిస్టర్లు నడిపే బడి. మా సిస్టర్ అక్కడ హెడ్మిస్ట్రెస్. పుట్టింది తమిళనాడులో. తెలుగు నేర్పి పంపాల్సింది పోయి, పంపించి నేర్చుకోమన్నారట. ఆ తెలుగుతోనే, నల్ల గొడుగు ఒకటి పట్టుకుని, మా కోయగూడేనికి నడిచి వచ్చారు. మాది ఇప్పలగుంపు. మా నాయన గుంపులో వేల్పులకు పూజ చేసేవాడు. ఆయన మంచం మీద నుంచి లేవకుండానే అడిగాడు.

"బడికి పంపుత. మా దేవుండ్లను ఇడిసిపెట్టమంటవా?"

"మీ దేవుళ్ళు మీ దగ్గరే ఉండనీయండి అయ్యా. పిల్లను మాత్రం విడవండి" అన్నారు సిస్టర్.

ఆ మాట మీదే చివరిదాకా ఉన్నారు. నేను ఇప్పటికీ మా వేల్పుకే మొక్కుతాను. బడిలో ఉన్నన్నాళ్ళు పొద్దున పూజలో ముందు వరసలో కూర్చుని, అందరికంటే గట్టిగా పాడిందీ నేనే. రెండింటికీ ఏనాడూ తగాదా రాలేదు. తగాదా వచ్చింది లెక్కల క్లాసులో.

ఇంట్లో మేం మాట్లాడేది కోయ. 'భ'కు, 'హ'కు నా నాలుక తిరిగేది కాదు. ఆరో తరగతి మొదట్లో సారు నన్ను బోర్డు దగ్గరికి పిలిచి, ఇది ఏం లెక్క అని అడిగాడు.

"బాగారం సార్."

"ఏందీ? మల్ల అను."

"బాగారం."

"బగారానా? అన్నం యాదికొచ్చిందా? మల్ల అను."

క్లాసంతా పగలబడి నవ్వింది. ఆ రోజు నుంచి నా పేరు బగారా. అది ఒక్కరోజుతో పోలేదు. ప్రతిరోజూ క్లాసు మొదలుపెట్టే ముందు సారుకు అదొక వినోదం. "ఏ ఊరే నీది?" అనేవాడు. "ఇప్పలగుంపు సార్" అనేదాన్ని. "అది ఊరా, అడివా? ఇగ భాగహారం అను. మల్ల అను. మల్ల అను." నా కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా అనిపించి, అప్పుడు పాఠం మొదలుపెట్టేవాడు. పాఠం మాత్రం బ్రహ్మాండంగా చెప్పేవాడు. ఒళ్ళు మండేది అందుకే. చేతకాని టీచరైతే ఎప్పుడో మర్చిపోయేదాన్ని.

మా బడిలో శుక్రవారం ప్రార్థనకు మనవుల డబ్బా అని ఒకటి ఉండేది. పాత బిస్కెట్ల డబ్బా. పిల్లలు తమ మనవులు చీటీల మీద రాసి వేస్తే, సిస్టర్ ఒక్కొక్కటి తీసి చదివేవారు. చదవగానే బడంతా ఒక్క గొంతుతో "ప్రభువా, మా మనవి ఆలకించండి" అనాలి. అమ్మకు జ్వరం తగ్గాలి. మిరపకు పురుగు పట్టకూడదు. నాయన తాగుడు మానాలి. అన్నిటికీ ఒకటే జవాబు. సిస్టర్ అప్పటికి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివేవారు. వాక్యం పూర్తయిన కాసేపటికి గానీ అందులో ఏముందో ఆవిడకు తలకెక్కేది కాదు. అది నాకు తెలుసు.

"ప్రభు...వా. లెక్కల... సారుకు. నాలుక... పడి... పోవాలి" అని చదివారు సిస్టర్.

"ప్రభువా, మా మనవి ఆలకించండి" అన్నది బడి మొత్తం. సారు కూడా కళ్ళు మూసుకుని, చేతులు జోడించి అన్నాడు.

సిస్టర్ చీటీని లోలోపల ఇంకోసారి చదువుకున్నారు. మడిచి జేబులో వేసుకున్నారు. తర్వాతి చీటీ తీశారు. ఎవరిదో మేక తప్పిపోయింది.

మధ్యాహ్నం నన్ను ఆఫీసు గదికి పిలిచారు. నా చేతిరాత ఆవిడకు తెలుసు. కొడతారనుకున్నాను. "ఎందుకు మా?" అని మాత్రం అడిగారు. 'మా' అంటే ఆవిడ తమిళంలో 'అమ్మా' అని. ఏడుస్తూ అంతా చెప్పాను.

"ఒక్క మాట కోసమా? అదేం కష్టం? చూడు, నేను చెప్తా. పగహారం."

నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. తమిళ నోటికి 'భ' అంతా 'ప'నే. "పగ అంటే ఏందో ఎరుకేనా సిస్టర్?" అన్నాను. తెలియదన్నారు. "మనల్ని కొట్టినోన్ని మల్ల కొట్టేదాంక నిద్రపట్టకుంట ఉండుడు." "మరి హారం?" "దండ." సిస్టర్ కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వారు. "అయితే నేను తప్పు చెప్పలేదు. నీ మెడలో ఉన్నది అదే కదా" అన్నారు.

నాకొక శిక్ష వేశారు. రోజూ సాయంత్రం మరియమాత స్వరూపం ముందు నిలబడి సారు పేరు చెప్పాలి. సారుకు ఏం జరగాలని అడుగుతానో నా ఇష్టం. మనసులో మాత్రం అడగకూడదు, పైకి అడగాలి. నేను వెనకాడలేదు. మొదటి నెలంతా నాలుక పడిపోవాలనే అడిగాను. తర్వాత ఒంటి నిండా సెగ్గడ్డలు. క్రిస్మస్ నాటికి కాల్లో ముల్లు దాకా దిగాను. పక్కన పూలకు నీళ్ళు పోస్తున్న సిస్టర్ విని, "తగ్గుతోంది" అన్నారు.

అలాగని సారును వదిలేశారనుకోకండి. ఆ చీటీ చదివిన మరుసటి వారమంతా లెక్కల క్లాసులో వెనక బెంచీ మీద, పలక పట్టుకుని కూర్చున్నారు. "సార్, నాకు కూడా ఈ మాట రాదు. నేర్పండి. పగహారం" అన్నారు. హెడ్మిస్ట్రెస్‌ను 'మల్ల అను' అనే దమ్ము సారుకు లేదు. ఆ తర్వాత నన్నూ అనలేదు. తప్పయిందని మాత్రం ఒక్క ముక్క అనలేదు. బగారా అనే పేరు పదో తరగతి దాకా నా వెంటే వచ్చింది.

మరియమాత పండుగకు బడిలో బగారా అన్నం వండేవారు. ఒక ఏడు వడ్డించే పని నాకు పడింది. సారు ప్లేటు నా ముందుకు రాగానే గిన్నె అడుగుకు గరిటె పోనిచ్చి, నల్లగా మాడిన చెక్క అంతా గీకి పెట్టాను. సిస్టర్ చూడనే చూశారు. ఏమీ అనకుండా వెళ్ళి సారు పక్కన కూర్చుని, "నాకు మాడు ఇష్టం సార్" అని ప్లేట్లు మార్చుకున్నారు. ఆ మాడంతా కరకరా నమిలి తిన్నారు. రెండు రోజులు కడుపు నొప్పి. నాకు జాలి వేయలేదు, సిస్టర్ మీద కోపం వచ్చింది. నా పగను ఆవిడ తినేయడం ఏమిటి?

అందరూ అంటుంటారు, సిస్టర్లను చూసి సేవాభావం అలవడింది, స్ఫూర్తి కలిగింది అని. నాకు స్ఫూర్తి పగే. సారుకు వచ్చిన ప్రతి లెక్కా నాకు రావాలి, అతనికి రానిది కూడా రావాలి అని చదివాను. ఆ సంగతి సిస్టర్‌కు చెబితే, "పగతో తెచ్చుకున్నా మార్కులు మార్కులే. చదువు" అన్నారు. మిగిలినదంతా ఆవిడే చూసుకున్నారు. పొద్దున్నే లేపారు, పుస్తకాలు తెచ్చారు, ఖమ్మంలో ఇంటర్‌కు సీటు కోసం తిరిగారు. ఇవాళ నేను ఒక ఆశ్రమ పాఠశాలలో లెక్కల టీచర్ని. నా క్లాసులో పిల్లలు బాగారం అన్నా, బాగాహరం అన్నా నేను సరేనంటాను. లెక్క వస్తే చాలు.

సెలవుల్లో వెళ్ళినప్పుడల్లా సిస్టర్ ఒకటే అడిగేవారు. "హారం తీశావా?"

"లేదు సిస్టర్."

"బరువుగా లేదా?"

"అలవాటైంది."

"సరే, తిను ముందు" అని ఉప్పుకారం అద్దిన మామిడికాయ ముక్క నా చేతిలో పెట్టేవారు.

నేను ఖమ్మంలో బీఎడ్ చదువుతుండగా తెలిసింది, రిటైరై అక్కడే కొడుకు ఇంట్లో ఉంటున్న సారుకు పక్షవాతం వచ్చిందని. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. మాట పోయింది. నేను బస్సెక్కి సిస్టర్ దగ్గరికి వెళ్ళాను. దారి పొడుగునా కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను. బడి గేటు కనబడేసరికి భయం పట్టుకుంది.

"నేను రాసిన చీటీయే కదా సిస్టర్?"

"దేవుడు నీ నౌకరా, నువ్వు చీటీ పెడితే పని చేయడానికి? సారు బీపీ గోలీలు మానేశారు. అంతే."

భయం పోయింది. నవ్వు మళ్ళీ వచ్చింది. "అయితే నేను పోయి సారు ముందట నిలబడి భాగహారం అనమంట" అన్నాను. సిస్టర్ ముఖం గట్టిపడింది. ఆవిడను అలా నేను చూసింది ఆ ఒక్కసారే. "నేను బతికున్నంతవరకు వద్దు. ఒట్టు వెయ్యి" అన్నారు. "సిస్టర్లు ఒట్లు వేయొచ్చా?" అంటే, "నేను వేయడం లేదు. నువ్వు వెయ్యి" అన్నారు. వేశాను.

ఆ వారం నుంచి ప్రతి శనివారం సిస్టర్ అక్షరాల పలక పట్టుకుని, బస్సెక్కి ఖమ్మం వెళ్ళేవారు. సారుకు మాట నేర్పడానికి. ఒకసారి దారి తెలియదని వంక పెట్టి నన్ను తోడు రమ్మన్నారు. ఇంట్లోకి వెళ్ళకుండా వరండాలో చెప్పుల దగ్గర కూర్చున్నాను. కిటికీలోంచి మాటలు వినబడుతున్నాయి. పెదవి ఒక పక్క పడిపోవడంతో సారుకు 'ప' రావడం లేదు. "రెండు వేళ్ళతో పెదవులు ఇట్లా కలిపి పట్టుకోండి సార్. పండు. ఆ... హండు కాదు. మల్ల అనండి" అంటున్నారు సిస్టర్. "మల్ల అనండి సార్. మల్ల అనండి."

నా ఒళ్ళు భగ్గుమంది. ఆ మాట నాది. నన్ను కాల్చిన మాట. తిరిగి వస్తూ బస్టాండులో అడిగేశాను. "అది సారు నన్ను అన్న మాటని మీకు యాది లేదా?"

"ఉంది."

"మరి?"

"మన దగ్గర మాటలు కొన్నే ఉన్నాయి మా. పారేస్తే ఎట్లా? కడిగి వాడుకోవాలి."

నాకు నచ్చలేదు. ఆవిడను బస్సెక్కించి, వెనక్కి తిరిగి చూడకుండా హాస్టల్‌కు నడిచాను.

బుధవారం సిస్టర్‌ను బడి వెనక టేకు చెట్ల కింద, మిగతా సిస్టర్ల సమాధుల పక్కన ఉంచారు. పూజ అయ్యాక అందరూ వరసగా వచ్చి పిడికెడు మట్టి వేశారు. నేనూ వేశాను. వెక్కి వెక్కి ఏడుస్తూ వేశాను. అయినా కళ్ళు గేటు వైపే ఉన్నాయి. సారు వస్తాడని తెలుసు. వచ్చాడు. చక్రాల కుర్చీలో కొడుకు తోసుకొచ్చాడు. ఎడమ చేత్తో మట్టి తీసి వేశాడు. కుర్చీ వెనక్కి తిప్పుతుంటే చక్రం మెత్తటి నేలలో దిగబడి, సరిగ్గా నా ఎదుట ఆగింది.

వంగి దండం పెట్టాను. పలికించాల్సిన మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. నేను నోరు తెరిచేలోపు అతనే అడిగాడు.

"ఏ... ఊరు?"

గుర్తుపట్టలేదు. ఇన్నేళ్ళు నేను మోసిన మనిషికి నేనెవరో తెలియదు.

"ఇప్పలగుంపు సార్."

ముఖంలో ఏ కదలికా లేదు. మర్యాదకు ఊరి పేరు తిరిగి అనబోయాడు. "ఇ... హ్హ... లగుం... హు." వరసలో నిలబడ్డ యూనిఫాం పిల్లలు ఆపుకోలేక కిసుక్కున నవ్వారు. నేను పదకొండో ఏట అడుక్కున్నది, పడ్డ నాలుక, నవ్వే పిల్లలు, అంతా నా ముందుంది. ఒట్టు కూడా తీరిపోయింది.

"మల్ల అనండి సార్" అన్నాను. అతని గొంతులోని వెటకారాన్నే తెచ్చుకుని, నలుగురికీ వినబడేటట్టు అన్నాను.

అతని ముఖంలో బాగున్న సగం వెలిగింది. నా వెటకారం అతనికి చేరలేదు. ఆ మాట అతనికి శనివారం మాట. కుర్చీలో నిటారుగా సర్దుకున్నాడు. ఎడమ చేతి రెండు వేళ్ళతో పెదవులు కలిపి పట్టుకున్నాడు. "ఇప్..." అని ఆగాడు. పిల్లల నవ్వు ఆగిపోయింది. మళ్ళీ పట్టుకున్నాడు. "ఇప్పల... గుంపు."

తర్వాత అడగాల్సింది భాగహారం. అడగలేదు. క్షమించానని ఎవరూ అనుకోకండి. హారం ఇంకా మెడలోనే ఉంది సిస్టర్, తీయలేదు. కానీ సారు పెదవుల మీద, రెండు వేళ్ళ మేర, మీ సమాధి మట్టి ఎర్రగా అంటుకుని ఉంది. సరిగ్గా అన్నానా అని నా వైపే చూస్తున్నారు.