కాంపౌండరు గారి దొడ్డిలో రాణి

మొన్న మా మనవడికి టీకా వేయించడానికి తీసుకువెళితే, నర్సమ్మ దూదిని స్పిరిట్‌లో ముంచి వాడి జబ్బ మీద రుద్దింది. వాడు కిటికీలోంచి ఆటోలు చూసుకుంటూ దర్జాగా కూర్చున్నాడు గానీ, ఆ వాసనకి ముఖం పక్కకి తిప్పుకుంది నేనే. ఇప్పుడంతా కాగితం చింపి ప్లాస్టిక్ సిరంజి తీయడం, గుచ్చడం, బుట్టలో పారేయడం. మా చిన్నతనంలో స్పిరిట్ స్టవ్వు మీద నీళ్ళు కాగుతూ, గాజు సిరంజి రేకు డబ్బాలో టకటకలాడుతూ ఉంటే, ఆ చప్పుడు ఆగేదాకా పిల్లలం ఊపిరి బిగపట్టి కూర్చునేవాళ్ళం. అందరికీ ఆ వాసన జ్వరాన్నీ ఆస్పత్రినీ గుర్తు చేస్తుంది కాబోలు. నాకు మాత్రం మా తాతయ్య దొడ్డినీ, అందులో తిరిగిన రాణినీ గుర్తు చేస్తుంది.

తాతయ్య పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. రాజోలు తాలూకాలో గోదావరి పాయకి దగ్గరగా ఉండేది మా ఊరు. మాది చర్చి పేట. మా ముత్తాతలు ఊళ్ళోవాళ్ళ పశువులు కాసి బతికినవారైతే, తాతయ్య నాలుగక్షరాలు నేర్చుకుని అవే పశువులకి మందులు పోసేవాడయ్యాడు. ఊరంతా ఆయన్ని కాంపౌండరు గారనే పిలిచేది. ఉద్యోగం అయిపోయాక ఇంటి వెనక కొబ్బరితోట చుట్టూ దడి కట్టించి, తాటాకుల పాక వేయించి, ఎవరికీ అక్కర్లేని పశువుల్ని చేరదీశాడు. కాడి మోసి మోసి మెడ మీద కాయ కట్టిన ఎద్దులు, వట్టిపోయిన ఆవులు, కాలువ గట్టు జారి కాలు విరిగిన గిత్త, రెండు కళ్ళూ పోయిన ఒక గేదె. చిన్నప్పుడు ప్రపంచంలో పశువులన్నీ ముసలివే ఉంటాయని అనుకునేదాన్ని.

పశువుని దొడ్డికి అప్పగించడానికి ఒక పద్ధతి ఉండేది. రైతు దాని ఒళ్ళు కడిగి, నుదుట పసుపు రాసి బొట్టు పెట్టి తోలుకొచ్చి, పలుపు తాడు తాతయ్య చేతిలో పెట్టేవాడు. "దాని కాలం వచ్చేదాకా చూసుకుంటారు కదండీ?" అనేవాడు. "ఆయ్, చూసుకుంటానండి," అనేవాడు తాతయ్య. అంతే మాట. రైతు వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయేవాడు. కాంపౌండరు గారి దొడ్డిలో చావు దానంతటదే రావాలి తప్ప మనిషి చెయ్యి తగలదని ఊరి నమ్మకం. పశువుని సంతకి తోలి కటికవాడి పాలు చేయలేనివాళ్ళందరికీ ఆ నమ్మకమే దిక్కు.

రాణి వచ్చింది డెబ్బైల చివర, ఒక వానాకాలంలో. అమలాపురంలో గుడారం వేసిన ఓ చిన్న సర్కసు, ఎడతెగని ముసురుకి ఆటలు సాగక చెల్లాచెదురైపోతే, జంతువుల్ని తలా ఒకటీ తీసుకుపోగా మిగిలిన చింపాంజీని ఆస్పత్రి డాక్టరు గారు జీపులో మా దొడ్డికి తెచ్చారు. "జూ వాళ్ళకి ఉత్తరం రాసేనండి, వచ్చేదాకా ఉంచండి," అన్నారు. జూ వాళ్ళు రావడానికి రెండేళ్ళ పైనే పట్టింది. జీపులోంచి దిగినప్పుడు ఒంటి మీద వెలిసిపోయిన ఎర్ర గౌను ఉంది. నోట్లో ముందు పళ్ళు లేవు, సర్కసువాళ్ళు పీకించేశారట. తాతయ్య మొట్టమొదట చేసిన పని ఆ గౌను విప్పించడం. మామ్మ దాన్ని ఉతికి, ఏం చేయాలో తోచక పెట్టె అడుగున దాచింది.

మొదటి వారం దాని వాసనకే పశువులు పలుపులు తెంపుకున్నాయి. ఆ తర్వాత ఒక పొద్దున్న చూస్తే రాణి గుడ్డి గేదె వీపు మీద వాలి, చెవి మడిచి, రెండు వేళ్ళతో రక్తం పీల్చే పిడుదులు ఏరుతోంది. గేదె కళ్ళు లేని ముఖం పైకెత్తి హాయిగా నెమరు వేస్తోంది. పాలేరు సూరన్న నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. అప్పట్నుంచీ అది రాణి ఉద్యోగమైపోయింది. పొద్దున్నే సూరన్నతో సమానంగా చీపురు పట్టి పాక తుడిచేది, సత్తు గ్లాసులో టీ తాగి గ్లాసు బోర్లించేది, ఆ తర్వాత వరసన ఒక్కొక్క పశువు చెవులూ చూసేది. సూరన్న "రాణి గారండీ, ఇవేళ ఎర్రావుకి పిడుదులు బాగా పట్టేయండి, కాస్త చూడండి," అని వేళాకోళం ఆడేవాడు గానీ, నేరుగా దాని కళ్ళలోకి మాత్రం చూసేవాడు కాదు.

పిల్లలం దాని చుట్టూనే ఉండేవాళ్ళం. పాక ముందు తొక్కుడుబిళ్ళ ఆడుకుంటుంటే రాణి గడ్డిమేటుకి ఆనుకుని మా కాళ్ళనే చూసేది. ఎండాకాలం పనస తొనలు, మామిడి తాండ్ర, క్రిస్మస్‌కి మామ్మ వండిన పోకుండలు, అరిసెలు, అన్నిటిలోనూ దానికి వాటా. తొన ఇస్తే గింజ మళ్ళీ నా చేతిలో పెట్టేది. ఆ అరచెయ్యి అచ్చం మామ్మ అరచెయ్యిలా ముడతలు పడి, వెచ్చగా, గరుకుగా ఉండేది, అందుకే నాకు కొంచెం భయం. మూడింటి వేళ, ఎండ కొబ్బరాకుల మధ్య నుంచి ఏటవాలుగా పడి, కాకులు కూడా అరవని ఆ సమయంలో, రాణి ఉన్నట్టుండి లేచి పాక మధ్యకి వచ్చి నిలబడేది. వరసగా కట్టేసిన పశువుల వైపు తిరిగి, నడుం వంచి సలాం చేసేది. చేసి, ఎదురు చూసేది. పశువులు దవడలు ఆడిస్తూ దానివంకే చూసేవి. సర్కసులో మధ్యాహ్నం ఆట ఆ వేళకేనని తాతయ్య చెప్పాడు. ఒకరోజు నాకు జాలేసి చప్పట్లు కొట్టాను. రాణి నావైపు తిరిగి, చాలాసేపు, కదలకుండా చూసింది. నేను మళ్ళీ ఎప్పుడూ కొట్టలేదు.

రెండో ఏడు ఎండాకాలంలో సంగతులు మారాయి. చలికాలం మంచు కురిసే పొద్దుల్లో తాతయ్యా సూరన్నా ముసలి పశువుల మీద గోనెలు కప్పేవారు, అవి పాక గోడకి వేలాడుతూ ఉండేవి. ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం, చెమటలు కారిపోయే ఉక్కలో, రాణి ఒక గోనె తీసి, మూడు రోజులుగా లేవలేక పడున్న కాలు విరిగిన గిత్త మీద కప్పింది. ముఖం కూడా కనపడకుండా కప్పి పక్కనే కూర్చుంది. ఆ సాయంత్రానికి గిత్త పోయింది. పిల్లలమంతా కోతి ఆట అనుకున్నాం. నెల తిరక్కుండా బోడావు మీద కప్పింది, అదీ పోయింది. మూడోసారి పుల్లెద్దు మీద గోనె పడగానే సూరన్న తలపాగా తీసి చేతిలో పట్టుకుని బయటికి వచ్చేశాడు. "దానికి తెలిసిపోతందండి బాబూ. ముందే తెలిసిపోతంది," అన్నాడు.

ఇక ఊళ్ళో ఆ మాటే. రాణి గోనె కప్పితే పొద్దు దాటదట. జబ్బుచేసిన ఆవుని తోలుకొచ్చి దడి బయట నిలబెట్టి, రాణి లోపలి నుంచి చూస్తుందో లేదో కనిపెట్టుకునే రైతులు కొందరు. చూడకపోతే కొబ్బరికాయ ఒకటి గుమ్మంలో పెట్టి వెళ్ళేవారు. ఆడవాళ్ళు పిల్లల ముఖాలకి కొంగు అడ్డం పెట్టుకుని మా ఇంటి ముందు నుంచి గబగబా నడిచేవారు. ఈ మాట ఎత్తితే తాతయ్య లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవాడు.

మరుసటి వానాకాలం నాకు జ్వరం తగిలింది. పదేళ్ళు నాకు. వారం రోజులైనా దిగలేదు. రాజోలు డాక్టరు గారు మందు రాసి, పూటకో ఇంజక్షన్ చొప్పున కాంపౌండరు గారినే పొడవమన్నారు. తాతయ్య దొడ్డి పాకలో ఉండే స్పిరిట్ స్టవ్వూ రేకు డబ్బా ఇంట్లోకి తెచ్చి, నేను పడుకున్న మంచం పక్కన వసారాలో వెలిగించాడు. వాన పడుతోంది. ఆ వాసనా, టకటకా నాకు నిద్రలో తెలిసినట్టు తెలుస్తున్నాయి. ఉన్నట్టుండి ఏదో బరువుగా, తడిగా, పశువుల వాసన వేస్తూ నా మీద పడింది. కళ్ళు తెరిస్తే అల్లిక సందుల్లోంచి చుక్కలు చుక్కలుగా వెలుతురు. ఆ పైన రాణి ముఖం, చాలా దగ్గరగా. గోనెని నా తల మీదుగా లాగి, అంచు మెల్లగా సర్దింది.

మామ్మ పెట్టిన కేక పేటంతా వినపడిందట. "పిల్ల మీద కప్పేసిందండి బాబోయ్!" నాన్నగారు దుడ్డుకర్ర తీసుకుని రాణిని పాకదాకా తరిమారు. అది ఎదురు తిరగలేదు, వెనక్కి చూసుకుంటూ పోయింది. ఆ రాత్రి పాస్టరు గారొచ్చి ప్రార్థన చేశారు. అమ్మ నా పాదాలు పట్టుకుని కూర్చుంది. తెల్లవారింది, నేను బతికే ఉన్నాను. ఇంకో నాలుగు రోజులకి జ్వరం జారింది.

బతికానని రాణి మీద నింద పోలేదు సరికదా, మరింత గట్టిపడింది. ప్రార్థన బలం వల్ల ఈసారికి తప్పింది, పశువులయ్యాక దాని కన్ను పిల్లల మీద పడింది అన్నారు. రాణిని పంపకపోతే కొట్టి చంపుతామని నలుగురు కుర్రాళ్ళు వచ్చి చెప్పి వెళ్ళారు. నాన్నగారు అమలాపురం వెళ్ళి జూ వాళ్ళకి తంతి కొట్టి వచ్చారు. తాతయ్య అన్నం మానేశాడు గానీ, అడ్డు చెప్పలేదు. ఆయన ఒక్క మాట గట్టిగా అంటే ఆగుతుందని నాకు తెలుసు. ఎందుకు అనడో తెలియక ఆయన మీద కోపం వచ్చింది.

లారీ వచ్చిన రోజు పేటంతా దడి బయట మూగింది. బోనులో ఎక్కించి, రేవులో పంటు మీద గోదావరి దాటించాలి, మధ్యలో అల్లరి చేయకుండా మత్తు సూది ఇవ్వండి అన్నాడు జూ మనిషి. తాతయ్య పాకలోకి వెళ్ళి స్టవ్వు వెలిగించాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. రాణి ఎర్రావు చెవిలో పిడుదులు ఏరుతోంది. సిరంజి టకటకలాడగానే దాని చెయ్యి ఆగిపోయింది. తల తిప్పి స్టవ్వు చూసింది. పాకలో ఈ చివర నుంచి ఆ చివరిదాకా పశువుల్ని ఒక్కొక్కదాన్నీ చూసింది. ఏదీ పడి లేదు, అన్నీ నిలబడే ఉన్నాయి. అప్పుడు తాతయ్యని చూసింది. తాతయ్య దాన్నే చూస్తున్నాడు. రాణి నెమ్మదిగా వెళ్ళి గోడ మీది గోనె తీసుకుని, గడ్డిలో పడుకుని, తల మీదుగా తనే కప్పుకుంది.

నాకు అంతా అర్థమైపోయింది. దానికి తెలిసేది చావు కాదు, స్టవ్వు.

"ఆటికి సూది నువ్వే ఇచ్చేవోడివా తాతయ్యా?" అన్నాను. తాతయ్య నేల మీద కూర్చుండిపోయాడు. "లేవలేక, పుళ్ళు పడి, రోజుల తరబడి అరిసేవాటికి ఇచ్చేనమ్మా. నొప్పి చూడలేక ఇచ్చేను. ప్రాణం పోయేదాకా పక్కనే కూర్చుని, గోనె కప్పేవోణ్ణి. ఇది చూసేది." బయటి జనం వైపు చూసి, గొంతు తగ్గించాడు. "చెప్పేనంటే ఇంక ఒక్క రైతూ పలుపు నా చేతిలో పెట్టడు. ఈటన్నిటినీ రేపే సంతకి తోలేస్తారు. నువ్వు ఎవరికీ చెప్పకమ్మా." తర్వాత లేచి, గోనె అంచు కొంచెం ఎత్తాడు. రాణి చెయ్యి తనే బయటికి చాపింది. అరచెయ్యి పైకి పెట్టి చాపింది. అది మత్తుమందేనని దానికి చెప్పే దారి మా ఇద్దరిలో ఎవరికీ తెలియలేదు. నా జ్వరం రోజున కూడా, తాతయ్య నన్ను పంపించేస్తున్నాడనుకుని అంత వానలో గోనె మోసుకొచ్చిందన్నమాట.

జూలో అది ఎన్నాళ్ళు బతికిందో, అక్కడ మూడింటికి ఎవరికి సలాం చేసిందో మాకు తెలియలేదు. తాతయ్య ఆ తర్వాత పశువుకి సూది ముట్టలేదు. ఆయన చివరి మూడేళ్ళూ దొడ్డిలో పశువులు ఎన్నేసి రోజులు అరిచేవో చెప్పలేను. ఆయన పోయాక కొబ్బరిచెట్లు కొట్టించి అక్కడ రొయ్యల చెరువు తవ్వారు. ఊళ్ళో ఎద్దులూ లేవు, పసుపు రాసి పశువుని అప్పగించడమూ లేదు. పిడుదు అంటే ఏమిటని మా మనవడు అడుగుతాడు.

పదేళ్ళ పిల్లని, నా మాట ఎవరు వింటారని చాలా ఏళ్ళు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. రాణి గోనె కప్పినా బతికిన పిల్లనని ఆ రోజు పేటంతా నన్ను చూడ్డానికే ఎగబడింది. దానిది తప్పు కాదని నేనంటే నమ్మి ఉండేవారు. లారీ కదలడానికి అరగంట పైనే పట్టింది. నేను తాతయ్య చెయ్యి పట్టుకుని, నోరు మూసుకుని నిలబడ్డాను.